చీలిన ఓటు, కలిసిన ఓటు

2019లో తిరుపతి అసెంబ్లీ స్థానంలో తెలుగుదేశం అభ్యర్థి సుగుణమ్మపై వైసీపీ అభ్యర్థి భూమన కరుణాకర రెడ్డి మెజారిటీ 708 ఓట్లు. విడిగా నిలబడ్డ జనసేనకు వచ్చిన ఓట్లు అంతకు ఎన్నో రెట్లు. 2024లో తెలుగుదేశం పొత్తులో భాగంగా ఆ సీటును జనసేనకు వదిలింది. చిత్తూరు వైసీపీ ఎమ్మెల్యేగా ఉండి వచ్చిన ఆరణి శ్రీనివాసులు జనసేన తరఫున అరవై వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. జనం మనసు మారిన మాట నిజమే. కానీ అంత తేడా రావడంలో పొత్తు వాటా కూడా పెద్దదే.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 14 సీట్లు. 2019లో కుప్పం తప్ప 13 వైసీపీవి. 2024లో దానికి మిగిలినవి పుంగనూరు, తంబళ్లపల్లె మాత్రమే. రాష్ట్రంలో 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లతో 23 సీట్లు రాగా, 2024లో వైసీపీకి అదే 39 శాతంతో 11 వచ్చాయి. ఒక్క ఓటు ఎక్కువొచ్చినవారిదే సీటు అనే పద్ధతిలో మన బలంతోపాటు ఎదుటివాళ్లు చీలారా, కలిశారా అన్నదీ ఫలితాన్ని తేలుస్తుంది.

2009లో ప్రజారాజ్యం అధినేత చిరంజీవి తిరుపతిలో గెలిచారు. కానీ అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సుమారు ఆరో వంతు ఓట్లు తెచ్చుకున్న ప్రజారాజ్యానికి 294లో దక్కినవి 18 సీట్లే. 2011లో అది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. జనసేన 2019లో ఒక్క సీటు గెలిచింది. 2024లో పొత్తులో 21 చోట్ల నిలబడి అన్నీ గెలిచింది. మిగతా 154 నియోజకవర్గాల్లో దాని అభిమానికి అసెంబ్లీ ఓటుకు సొంత గుర్తే లేదు. ఈ నష్టాన్ని మనం తక్కువగా లెక్కేస్తున్నాం.

ఓట్లకూ సీట్లకూ ఇలా పొంతన లేకపోవడం శ్రీలంకలోనూ జరిగింది. 1977లో యునైటెడ్ నేషనల్ పార్టీ సగం ఓట్లతో 168లో 140 సీట్లు పట్టుకుపోయింది. ముప్పై శాతానికి దగ్గరగా వచ్చిన ఫ్రీడమ్ పార్టీకి 8 దక్కాయి. అంతకంటే చాలా తక్కువ ఓట్లొచ్చినా, అవి ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో కూడి ఉన్నందున తమిళ కూటమికి 18 వచ్చాయి. 1978 రాజ్యాంగం జిల్లాలవారీగా ఓట్ల నిష్పత్తిలో సీట్లిచ్చే దామాషా పద్ధతి తెచ్చింది. మన 14 సీట్ల జిల్లాకు దాన్ని అన్వయిస్తే, నలభై శాతం ఓట్ల పార్టీకి ఐదారు సీట్లొస్తాయి. అయితే అక్కడ పార్టీ జాబితాలోని అభ్యర్థులకు ఓటర్లు వేసే ప్రాధాన్య ఓట్ల కోసం ఒకే పార్టీవాళ్లు ఒకరిపై ఒకరు పోటీపడి ఖర్చు పెడతారు. ఆ పద్ధతి ఇక్కడికొస్తే కుప్పానికో పలమనేరుకో తనదైన ఎమ్మెల్యే ఉండడు. అయినా నా మొగ్గు దామాషా వైపే.

పొత్తుతో ఓట్లన్నీ కలిసిపోవు కూడా. 2024లో తిరుపతి లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లూ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమివే. అదే రోజు వేసిన ఎంపీ ఓట్లలో మాత్రం బీజేపీ అభ్యర్థి వరప్రసాద్‌పై వైసీపీ గురుమూర్తి గెలిచారు.