ఆముక్తమాల్యద కర్తృత్వము

ఆముక్తమాల్యద కృష్ణదేవరాయల కృతి కాదనియు, పెద్దన వ్రాసి రాజు పేరు పెట్టెననియు వాదించువారు కలరు. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము సీమలలో రాయల కీర్తిని జెప్పుకొను మనకీ మాట కటువుగా దోచును. అయినను అభిమానము ప్రమాణము కాదు.

రోమక చక్రవర్తి కాన్‌స్టంటైను పోపునకు రాజ్యాధికారమిచ్చినట్లున్న దానపత్రమును 1440లో లోరెంజో వల్లా యను పండితుడు పరీక్షించి, అందలి లాటిను ఆ కాలపుది కాదని చూపి, అది కల్పితమని తేల్చెను. మేమును భాషనే సాక్షిగా బిలిచెదము.

మనుచరిత్రములోని రాజవంశస్తుతి పద్యములు కొన్ని ఆముక్తమాల్యద పీఠికలో గలవు. వాదులకిదియే బలము. కాని తన్ను దాను పొగడుకొనుటకు సంకోచించు రాజు ఆస్థానకవి పద్యములను గైకొనుట వింత గాదు. పీఠిక దాటి చూడుడు. పెద్దన శైలి ధారాళము, మృదువు. ఇందలిది జటిలము, సమాసభూయిష్ఠము. చతుర్థాశ్వాసమున వానకాలపు పల్లెబ్రదుకు కండ్లార జూచినవాని వర్ణనము. యామునాచార్యుడు కుమారునకు జెప్పిన రాజనీతి రాజ్యభారము మోసినవాని పలుకు. ఈ రెండు కావ్యములును ఒక్క చేతివని నమ్ముట కష్టము.

రాయలు పండితుల సాయము పొందియుండవచ్చును. అంతమాత్రమున కర్తృత్వము పోదు. విని నమ్ముట గాక చదివి తేల్చుకొను నలవాటును మన విద్యార్థులకు నేర్పవలయును.