సీరియల్‌ని ఉల్టా తిప్పి చూస్తే

సూరత్ లింబాయత్‌లో మధ్యాహ్నం పూట తెలుగువాళ్ల గల్లీల్లోకి వెళ్తే గడపల ముందు చీరల కుప్పలు కనిపిస్తాయి. సాంచా (మరమగ్గం) మీద నుంచి దిగిన చీరకు పువ్వులు ముందు వైపు ఉంటాయి. పువ్వుకూ పువ్వుకూ మధ్య పని లేని చోట రంగు పోగులు వెనకాల వదులుగా వేలాడుతూ పోతాయి. ఆ పోగులను చిన్న కత్తెరతో కత్తిరించే పనిని ఇక్కడ ధాగా కటింగ్ అంటారు. ఇంటి పని అయ్యాక ఆడవాళ్లు చేసేది ఇదే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాల్లో మగవాళ్లది సాంచాల ఖాతా (కార్ఖానా) అయితే, ఆడవాళ్లది ఈ కత్తెర.

మా చిన్నమ్మ పక్కన కూర్చుని ఒకరోజు నేను చీరను మెచ్చుకోబోయాను. ఆమె దాన్ని తిప్పి నా ఒళ్లో పడేసింది. "సీదా దిక్కు అందరు జూస్తరు బిడ్డా. ఉల్టా జూడు, పని తెలుస్తది" అన్నది. అప్పుడు నా ఫోన్‌లో ఒక పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఎలా తీశారో చెప్పే కార్యక్రమం ఆడుతోంది. చిన్నమ్మ చీర గురించి చెప్పిన మాట ఆ కార్యక్రమానికీ సరిగ్గా సరిపోయింది.

తెర వెనక సంగతులు చూపే కార్యక్రమాలను మనం 'మేకింగ్' అని ఒక్క మాటలో తేల్చేస్తాం. సినిమా విడుదలకు వారం ముందు, హీరో కారవాన్ దిగుతుంటే తీసిన నాలుగు నిమిషాల వీడియో మన కళ్లలో మెదులుతుంది. పాత సైన్స్ ఫిక్షన్ సీరియళ్ల చుట్టూ పెరిగిన సంప్రదాయం అలాంటిది కాదు. ఆ సీరియళ్లకే ఇది ఎందుకు బాగా అబ్బిందంటే, కుటుంబ కథకు ఇల్లు అద్దెకు దొరుకుతుంది, వేరే గ్రహం మాత్రం ఎక్కడా అద్దెకు దొరకదు. తలుపు తెరుచుకునే చప్పుడు దగ్గర్నుంచి ప్రతిదీ ఎవరో ఒకరు కూర్చుని చేయాల్సిందే. డబ్బూ తక్కువ, గడువూ తక్కువ. చేతిపని ఎక్కువగా ఉన్న చోట చెప్పుకోవాల్సిన కథా ఎక్కువే.

బ్రిటన్‌లో బీబీసీ 1963 నవంబర్ 23న 'డాక్టర్ హూ' మొదలుపెట్టింది. బయటికి పోలీసు పెట్టెలా కనిపించే కాలయంత్రంలో తిరిగే ఒక వింత మనిషి కథ అది. అంతకు ముందు రోజే అమెరికా అధ్యక్షుడు కెన్నెడీని హత్య చేశారు. ఆ వార్తల హోరులో మొదటి భాగం ఎవరికీ పట్టలేదేమోనని వారం తర్వాత రెండో భాగానికి ముందు దాన్నే మళ్లీ వేశారు. 1989 దాకా సాగి ఆగిన ఆ సీరియల్‌ను 2005లో తిరిగి మొదలుపెట్టారు. అమెరికాలో అంతరిక్ష ఓడ కథ అయిన 'స్టార్ ట్రెక్' 1966 నుంచి 1969 వరకు 79 భాగాలు నడిచింది. అది ఇంకా ప్రసారమవుతుండగానే, 1968లో, దాని తయారీ మీద ఒక పుస్తకం వచ్చేసింది.

డాక్టర్ హూ మీద బీబీసీ తీసిన తొలి పెద్ద డాక్యుమెంటరీ 1977 ఏప్రిల్‌లో ప్రసారమైంది. మెల్విన్ బ్రాగ్ నడిపిన ఆ కార్యక్రమం స్టూడియోలో ఒక కథ చిత్రీకరణ జరుగుతుండగా కెమెరాతో లోపలికి వెళ్లింది. పిల్లలు ఏ రాక్షసుడికి ఎందుకు భయపడతారో కూడా అడిగి తెలుసుకుంది. 1993లో ముప్పై ఏళ్ల సందర్భంగా కెవిన్ డేవిస్ ఇంకొకటి తీశారు. 2005 నుంచి 2011 దాకా ప్రతి కొత్త భాగం వెంటనే దాని తయారీ చూపే 'డాక్టర్ హూ కాన్ఫిడెన్షియల్' వచ్చేది. భోజనం అయ్యాక వంటింట్లోకి తీసుకెళ్లి పొయ్యి చూపినట్టు ఉండేది ఆ వరస.

ఈ కార్యక్రమాలు తీయడంలో కొన్ని మెళకువలు ఉన్నాయి. మొదటిది, మనిషి చేత చెప్పించడం కన్నా చేయించడం. డాక్టర్ హూ కాలయంత్రం కదిలేటప్పుడు ఒక మూలుగు లాంటి రొద వస్తుంది. దాన్ని తయారుచేసిన బ్రయాన్ హాడ్జ్‌సన్ వాడింది ఇంటి తాళంచెవి. పాత పియానో లోపలి లావు తీగల మీద ఆ తాళంచెవితో గీరి, ఆ చప్పుడును టేపు మీద ప్రతిధ్వనులతో సాగదీశాడు. ఈ సంగతి మాటల్లో చెబితే ఓహో అని ఊరుకుంటాం. పియానో మూత ఎత్తి, తీగ మీద తాళంచెవి పెట్టి గీరుతుంటే, కరకరమనే మామూలు చప్పుడులోంచి మనకు తెలిసిన ఆ రొద ఎక్కడ పుట్టుకొస్తుందా అని చెవులు రిక్కిస్తాం. రహస్యం తెలిసింది కదా అని అబ్బురం తగ్గదు. తాళంచెవి ఆ గ్రహాల దాకా ఎలా వెళ్లిందన్న కొత్త అబ్బురం మొదలవుతుంది.

రెండోది, ఫలితాన్నీ విఫల ప్రయత్నాన్నీ పక్కపక్కన పెట్టడం. డాక్టర్ హూ మొదటి భాగాన్ని 1963 సెప్టెంబర్‌లో ఒకసారి తీశారు. అందులో కాలయంత్రం తలుపులు సరిగా మూసుకోక చప్పుడు చేశాయి. ముసలి డాక్టర్ మరీ కరుగ్గా ఉన్నాడు. ఆ సీరియల్‌కు ఊపిరి పోసిన సిడ్నీ న్యూమన్ చూసి మళ్లీ తీయమన్నాడు. అక్టోబర్‌లో తిరిగి తీసిందే జనం చూశారు. తిరస్కరించిన ఆ మొదటి రూపం టేపుల్లో బతికి ఉండి 1991లో ప్రసారమైంది. రెండింటినీ వెంటవెంటనే చూసినవాడికి దర్శకత్వం అంటే ఏమిటో వేరే పాఠం అక్కర్లేదు. చాలావరకు అవే మాటలు, అదే గది, ముఖ్యంగా మారింది మాట విసురు. ఆ చిన్న మార్పుతోనే అరవై ఏళ్లు బతికే పాత్ర పుట్టింది.

మూడోది, నోటి మాటల్లో పేరుకున్న పొట్టు ఊదడం. డాక్టర్ హూలో డాలెక్ అనే యంత్ర రాక్షసులను రూపకల్పన చేసినవాడు రేమండ్ క్యూసిక్. భోజనాల బల్ల మీది మిరియాల డబ్బాను చూసి వాటిని గీశాడని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. డాలెక్ నేల మీద జారుతూ ఎలా కదలాలో చూపడానికి బల్ల మీద మిరియాల డబ్బాను జరిపి చూపిన మాట నిజమే, రూపం మాత్రం దాన్నుంచి రాలేదని ఆయనే తర్వాత చెప్పుకోవాల్సి వచ్చింది. స్టార్ ట్రెక్ వైపు ఇలాంటిదే ఉప్పు కథ. ఒక భాగం కోసం ఎక్కడా చూడనంత కొత్త తరహా ఉప్పు సీసాలు కొనుక్కొచ్చారు. తీరా చూస్తే అవి ఉప్పు సీసాలని ప్రేక్షకుడు పోల్చుకోలేడనిపించింది. పారేయకుండా ఓడలోని డాక్టర్ చేతిలో శస్త్రచికిత్స పరికరాలుగా పెట్టేశారు. మిరియాల కథలో సగమే నిజం, ఉప్పు కథ మొత్తం నిజం. ఈ రెండింటినీ వేరుచేసి చెప్పగలిగేది పని చేసిన మనిషిని కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగిన కార్యక్రమమే.

నాలుగోది మా చిన్నమ్మ పద్ధతి, ఉల్టా చూపడం. స్టార్ ట్రెక్‌లో తిరిగే ఎంటర్‌ప్రైజ్ ఓడ సుమారు పదకొండు అడుగుల నమూనా. లోపల దీపాలు పెట్టాక తీగలన్నీ ఎడమ వైపు నుంచి వెళ్లాయి. అందుకని ఆ వైపు నునుపు చేయకుండా వదిలేశారు. కెమెరా ఎప్పుడూ కుడి పక్కనే చూసేది. ఓడ అటు నుంచి ఇటు వెళ్లాలంటే అక్షరాలను అద్దంలో కనపడినట్టు తిరగేసి అంటించి తీసి, ఆ తర్వాత బొమ్మనే తిప్పేసేవారు. ఆ నమూనా 1974లో స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది. ఆ ఎడమ వైపు చూసినవాళ్లకు తెర మీది ఓడ చిన్నదైపోదు. అంత తక్కువలో అంత గుట్టుగా సంసారం నడిపారా అనిపిస్తుంది. మనుషులు మెరుపుల్లో మాయమై గ్రహం మీద తేలడమూ అలాంటి పొదుపే. ప్రతి వారం ఓడను దింపి చూపే స్తోమత లేక ఆ ఉపాయం కనిపెట్టారు. వెలుతురు పాయలో అల్యూమినియం పొడి రాల్చి తీసిన బొమ్మలే ఆ మెరుపులు.

ఐదోది అన్నిటికన్నా కష్టమైనది, లేనిదాన్ని తిరిగి అల్లడం. 1960లు, 70లలో వీడియో టేపు ఖరీదైన వస్తువు. మళ్లీ ప్రసారం చేసే హక్కులు పరిమితం, ఇంట్లో వీడియో చూసే రోజులు ఇంకా రాలేదు. బీబీసీ పాత టేపులు చెరిపి కొత్తవి రికార్డు చేసుకుంది. తొలి ఆరేళ్లలో వచ్చిన 253 భాగాల్లో, 2013లో నైజీరియాలో కొన్ని దొరికిన తర్వాత కూడా, 97 కనిపించకుండానే మిగిలాయి. అయితే వాటిలో ప్రతి ఒక్కదాని శబ్దం మిగిలింది. ఇళ్లలో టీవీ ముందు టేపు రికార్డరు పెట్టుకున్న పిల్లల పుణ్యం అది. బొమ్మలు కొన్ని జాన్ క్యూరా అనే ఫోటోగ్రాఫర్ దయ. అతను టీవీ తెర మీది దృశ్యాలను ఫోటోలు తీసి నటులకూ దర్శకులకూ అమ్ముకునేవాడు. ఆ శబ్దానికి ఆ ఫోటోలు జోడించి, లేదంటే యానిమేషన్ గీయించి, పోయిన భాగాలను మళ్లీ నిలబెట్టారు. నలుపు తెలుపు ఫిలింలో మాత్రమే మిగిలిన కొన్ని రంగుల భాగాల్లో, రంగు సంకేతం తాలూకు సన్నటి చుక్కలు ఇంకా ఉన్నాయని పట్టుకుని, వాటి నుంచే రంగును వెనక్కి తెచ్చారు. చిరిగిన చీరలో పోగుకు పోగు కలిపే రఫూ పనికీ దీనికీ తేడా లేదు.

ఆరోది, తెర వెనక కథనే నాటకంగా మలచడం. 2013లో యాభై ఏళ్ల పండుగకు మార్క్ గాటిస్ రాసిన టీవీ చిత్రం డాక్టర్ హూ పుట్టుకను కథగా చెప్పింది. అందులో మనకు దగ్గరివాడు ఒకడు ఉన్నాడు. మొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్ 1938లో లక్నోలో పుట్టినవాడు, రచయిత్రి అటియా హుసేన్ కొడుకు. అప్పటికి పాతికేళ్లు నిండలేదు. నిర్మాత వెరిటీ లాంబర్ట్ కూడా ఇరవైల్లోనే ఉంది. మగ అధికారులతో నిండిన ఆ సంస్థలో ఒక యువతి, ఒక భారతీయుడు కలిసి, ఇరుకైన పాత స్టూడియోలో దీన్ని మొదలుపెట్టారు. సీరియల్ మాత్రమే చూస్తే ఈ సంగతి తెలియదు. పేర్ల పట్టికలో ఒక సెకను మెరిసి పోయే పేరుకు వెనక ఉన్న మనిషి ఇలాంటి చిత్రంలోనే కనిపిస్తాడు.

పేర్ల ముచ్చట వచ్చింది కనుక ఇంకొక్కటి. డాక్టర్ హూ టైటిల్ బాణీ రాన్ గ్రైనర్ రాశాడు. దాన్ని సింథసైజర్లు మార్కెట్‌లోకి రాకముందు, ఒక్కో స్వరాన్నీ టేపు మీద పట్టి, వేగం మార్చి, కత్తిరించి, అంగుళం అంగుళం అతికించి వినిపించింది డీలియా డర్బీషైర్. గ్రైనర్ ఆమెకు వాటా ఇప్పించాలని చూశాడు. కానీ ఆమె ఉన్న బీబీసీ విభాగంలో పనిచేసేవాళ్ల పేర్లు వేయకపోవడం సంస్థ రివాజు. ఆమె 2001లో కన్నుమూసింది. ఆ బాణీకి ఆమె పేరు సీరియల్ తెర మీద మొదటిసారి పడింది 2013లో. ఆ యాభై ఏళ్ల మధ్య ఆమె చేతిపనిని మరుగున పడనీయనివి ఈ డాక్యుమెంటరీలూ పాత ఇంటర్వ్యూలే.

ఈ సంప్రదాయానికి జబ్బులు లేవని కాదు. కొన్ని కార్యక్రమాల్లో అందరూ అందర్నీ మెచ్చుకోవడమే సరిపోతుంది. పెళ్లి వీడియోలో చుట్టాలు వరసగా నిలబడి ఆశీర్వదించినట్టు ఉంటుంది. నటులకు ఇచ్చిన సమయంలో నాలుగో వంతు కూడా వడ్రంగికీ దర్జీకీ ఇవ్వరు. మూసుకోని తలుపును చూపగలిగినదే మంచి మేకింగ్.

మన వైపు చూసుకుంటే, సూరత్ నుంచి రైలు పట్టాల వెంట దక్షిణంగా వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే ఉంబర్‌గావ్ వస్తుంది. రామానంద సాగర్ 'రామాయణ్' తీసింది అక్కడే. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై దాకా ఆదివారం ఉదయం దేశం మొత్తం ఆ ఊళ్లో కట్టిన అయోధ్యను చూసింది. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ దాన్ని మళ్లీ వేసినప్పుడు, లక్ష్మణుడి పాత్రధారి సునీల్ లహ్రీ షూటింగ్ ముచ్చట్లను చిన్న చిన్న వీడియోలుగా చెప్పుకొచ్చారు. అది సైన్స్ ఫిక్షన్ కాకపోయినా తాపత్రయం అదే. ఆకాశాన్నీ అస్త్రాన్నీ చేత్తో చేయాలి, ఆదివారానికి అందివ్వాలి. ముప్పై ఏళ్ల తర్వాత ఒక నటుడు తన ఫోన్‌లో చెబితే గానీ మనకు దక్కని కథ అది.

దూరదర్శన్‌లో 'స్పేస్ సిటీ సిగ్మా', 'ఇంద్రధనుష్' చూసి పెరిగినవాళ్లకు వాటి అంతరిక్షం అట్టముక్కలదని అప్పుడే తెలుసు. అయినా కళ్లప్పగించి చూశాం. ఆ అట్టముక్కలు ఎవరు కోశారో మాత్రం మనలో ఎంతమందికి తెలుసు? తెలుగు సినిమాలో కాలయంత్రం కథ 'ఆదిత్య 369'కి కొంత అదృష్టం దక్కింది. 1991లో వచ్చిన ఆ చిత్రానికి ముగ్గురు ఛాయాగ్రాహకులు ఎందుకు కావాల్సి వచ్చిందో దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు చెప్పగా విన్నాం. మొదలుపెట్టిన పి.సి. శ్రీరామ్ అనారోగ్యంతో తప్పుకుంటే, రాయల కాలం వి.ఎస్.ఆర్. స్వామి చేతికి, భవిష్యత్తు కబీర్‌లాల్ చేతికి వెళ్లాయి. ఈ ముక్క తెలిశాక మళ్లీ చూడండి. మూడు కాలాల వెలుతురు మూడు రకాలుగా ఉండటం ఒక పక్క ఇబ్బందిలోంచి, మరో పక్క తెలివిలోంచి పుట్టిందని కంటికి తెలుస్తుంది. 2025 ఏప్రిల్‌లో అది మళ్లీ థియేటర్లకు వచ్చింది.

డాక్టర్ హూ వాళ్ల దగ్గర ఉన్నది పెద్ద డబ్బు కాదు. టీవీకి ఎదురుగా టేపు రికార్డరు పెట్టిన పిల్లలు ఉన్నారు, తెరను ఫోటో తీసిన జాన్ క్యూరా ఉన్నాడు, ఎవరు ఏం చేశారో అడిగి రాసుకున్న అభిమానులు ఉన్నారు. సంస్థ చెరిపేసినదాన్ని ఇళ్లలో దాచుకున్నారు. మన స్టూడియోల్లో మేకప్ వేసినవాళ్లూ, తెరలకు రంగులు పూసినవాళ్లూ ఇంకా ఎక్కడో ఒకచోట ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చోవడానికి ఒక ఫోను చాలు.

మొన్న ఆదివారం చిన్నమ్మ పనిని ఫోన్‌లో తీద్దామని కూర్చున్నాను. ఆమె కొంగు సర్దుకుని, "మొఖం తియ్యకు, చేతులు తియ్" అన్నది. ఎడమ చేతి రెండు వేళ్లతో వదులు పోగులను దూసి లేపి, పువ్వు అంచుకు తగలకుండా కత్తెర ఆడించింది. నిమిషంలో ఆమె ఒళ్లో రంగుల నూగు కుప్ప పడింది. చీర మడతల మీద దుకాణం ముద్ర అప్పటికే వేసి ఉంది. కత్తెర ఆపకుండానే అడిగింది: "ఇండ్ల నా పేరు రాస్తవా మరి?"