రంగు వేయని రేకులు

జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో పూలకొమ్మలంటే నాకు పిచ్చి. భూతద్దం పెట్టి మరీ చూస్తుంటాను. వాటిలో హిరోషిగే అనే చిత్రకారుడి 1857 నాటి 'కమెయిదో ప్లమ్ తోట' బాగా పేరున్నది. కంటికి తగిలేంత దగ్గరగా, బొమ్మకు అడ్డంగా ఒక వంకర కొమ్మ. దాని సందుల్లోంచి దూరంగా తోట, చీమల్లా జనం. అందరూ ఆ కొమ్మను పొగుడుతారు. నా చూపు మాత్రం పూల దగ్గరే ఆగుతుంది. ఆ తెలుపు ఎవరూ వేసింది కాదు, ఉత్త కాగితం.

వెనకాల ఆకాశం ఎర్రగా రావాలంటే ఆ రంగుకో చెక్క దిమ్మ ఉండాలి. అందులో పువ్వు పడే చోటల్లా చెక్కను తవ్వేయాలి. రేకు అంచు గీతకు మరో దిమ్మ. అక్కడేమో చుట్టూ తవ్వి, వెంట్రుకంత గీతను నిలబెట్టాలి. అందుకే కొండచెర్రీ కలప వాడేవారు. గట్టిది, సన్నని గీత కూడా విరగదు. దిమ్మ మూలనా అంచునా చెక్కిన గుర్తులకు కాగితాన్ని సరిగ్గా ఆనించకపోతే ఎరుపు పువ్వులోకి పాకుతుంది.

ఇంకో సంగతి. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీసిచ్చిన బొమ్మను దిమ్మకు బోర్లా అంటించి, దానిమీదే కత్తి నడిపేవారు. అసలు బొమ్మ చెక్కపొట్టుతో పాటే పోయేది. హిరోషిగే గీత అని మనం మురిసిపోయేది చెక్కినవాడి గీత! ఆకాశంలో ఎరుపు కిందికి వచ్చేకొద్దీ పలచబడడం అచ్చు వేసేవాడి పనితనం. దిమ్మ మీది రంగును ప్రతి కాగితానికీ మళ్లీ చేత్తో సర్దాల్సిందే. దీన్ని బొకాషి అంటారు.

1887లో వాన్ గో పారిస్‌లో ఈ బొమ్మకే నూనెరంగుల్లో నకలు వేశాడు. ఆయన పూలు కుంచెతో అద్దిన తెల్లరంగు. గొప్ప చిత్రమే, కాదనను. కానీ పూల తేలికదనం పోయింది. నా ఓటు హిరోషిగేకే, ఆయన వెనకున్న చెక్కేవాడికీ అచ్చువేసేవాడికీ కలిపి.

కొన్ని బొమ్మల్లో వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. రంగు పూయని దిమ్మ మీద తడి కాగితాన్ని గట్టిగా అదిమితే రూపం మిట్టపల్లాలుగా తేలుతుంది. పేరు కరజురి. పుస్తకాల్లో, ఫోన్లలో అది దాదాపు కనిపించదు. ఏ మ్యూజియంలోనైనా ఇలాంటి పూలబొమ్మ ఎదురైతే కాస్త పక్కకు జరిగి, ఏటవాలు వెలుతురులో చూడండి.