నవ్వులు ఏరుకునేవాళ్లు

నవ్వు మీద పరిశోధన అంటే ఎవరికైనా ముందు నవ్వొస్తుంది. నాకైతే ఆ పనివాళ్ల ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ ఉండేవాడు. ల్యాబ్‌లో కూర్చోబెట్టి కామెడీ చూపిస్తే జనం సరిగా నవ్వలేదు. దాంతో ఆయనా, శిష్యులూ నోటుబుక్కులు పట్టుకుని షాపింగ్ మాల్స్ మీద పడ్డారు. ఎవరు మాట్లాడారు, ఎవరు నవ్వారు, నవ్వుకి ముందు వచ్చిన మాటేమిటి, అన్నీ రాసుకున్నారు. అలా 1,200 నవ్వులు పోగయ్యాయి. తీరా చూస్తే జోకులాంటి మాటకు పుట్టినవి ఐదోవంతు కూడా లేవు. వెళ్లొస్తాననే పొడిమాటకీ నవ్వే. పైగా వినేవాళ్లకంటే చెప్పేవాళ్లే ఎక్కువ నవ్వారు. (పెళ్లిభోజనాల బంతిలో కూర్చున్నవాళ్లకు ఇదేం కొత్త కాదు.)

నవ్వుని పట్టించుకున్నది సైకాలజీవాళ్లే కాదు. మానవశాస్త్రంలో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లోనే వేళాకోళపు చుట్టరికాల మీద, అంటే ఆటపట్టించినా తప్పుపట్టని వరసల మీద, వ్యాసం రాశాడు. మన బావామరదళ్ల సరసాలు ఆ కోవలోవే.

ఇక మెదడు శాస్త్రవేత్త జాక్ పాంక్సెప్‌ది మరీ వింత కొలువు: ఎలకలకు చక్కిలిగింతలు పెట్టడం. అప్పుడవి 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలాడతాయి, అదే వాటి నవ్వని ఆయన లెక్క. ఆ చప్పుడు మన చెవికి అందదు, పరికరం పెట్టి వినాలి. చెయ్యి తీసేస్తే ఎలకలు దాని వెనకాలే పరిగెత్తేవి, ఇంకోసారి పెట్టమని.