తరగతిలో సినిమా, చేతిలో చాట్: రాయలసీమ విద్యార్థి ప్రేక్షకత్వం – ఒక పరిశీలన

తరగతి గదిలో సినిమా నడుస్తున్నంతసేపూ విద్యార్థులు తమ ఫోన్లలో ఒకే చాట్ బృందంలో స్పందనలు రాసే పద్ధతిని బోధనోపాయంగా సూచించేవారున్నారు. 2020 నాటి లాక్‌డౌన్ తరగతులతో వాట్సాప్ బృందాలు కళాశాలల్లో స్థిరపడ్డాయి కనుక దీనికి ప్రత్యేకమైన ఏర్పాట్లు కూడా అక్కరలేదు. దీనిని సమర్థించేవారు చెప్పే ప్రధాన ప్రయోజనం విద్యార్థి నిమగ్నత. సందేశాల సంఖ్యను బట్టి నిమగ్నతను లెక్కగట్టడం తొందరపాటే. ఎడతెగకుండా రాస్తున్న విద్యార్థి అసలు సినిమా చూస్తున్నాడా అన్నది ముందు తేలవలసిన ప్రశ్న. కర్నూలు, కడప జిల్లాల తరగతులకు వచ్చేసరికి ఈ ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. అక్కడి విద్యార్థికి తెరమీద తరచుగా కనిపించేది తన ఊరే.

శ్రోత చేసే చిన్నపాటి ప్రతిస్పందనలను భాషాశాస్త్రవేత్త విక్టర్ ఇంగ్వే 1970లో ‘బ్యాక్ ఛానల్’ అన్నాడు. తెలుగువారి కథాశ్రవణంలో ఇది అనాదిగా ఉన్న ఊకొట్టడమే. అయితే ఊకొట్టేవాడు చెవితో వింటాడు, నోటితో పలుకుతాడు. చాట్‌లో ఆ వెసులుబాటు లేదు. తెరను చూడవలసిన కన్నే ఫోన్‌ను చదవాలి. జపాన్‌లో 2006లో మొదలైన నికోనికో వేదికలో ప్రేక్షకుల వ్యాఖ్యలు దృశ్యం మీదుగానే పరుగెడతాయి. అక్కడ కన్ను తెరను విడవదు, కాని దృశ్యమే అక్షరాల వెనుక మరుగున పడుతుంది. దేశి ప్రదర్శన కళలు ఈ చిక్కును ఎప్పుడో గమనించాయి. బుర్రకథలో వంతలు కథకుడు విడిచిన జాగాలోనే అందుకొంటారు, హాస్యమైనా రాజకీయ వ్యాఖ్య అయినా అక్కడే. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా రామాయణ ఘట్టాల నడుమ వచ్చి లోకం పోకడను వెక్కిరించి వెళతారు. వ్యాఖ్యకు అక్కడ పూర్తి స్వేచ్ఛ ఉంది, దానితోపాటు ఒక చోటూ ఉంది.

గుణశేఖర్ దర్శకత్వంలో 2003లో వచ్చిన ‘ఒక్కడు’ను కర్నూలు తరగతిలో ప్రదర్శించే సందర్భాన్ని తీసుకోవచ్చు. హైదరాబాదు నుండి కబడ్డీ పోటీకి వచ్చిన కథానాయకుడు కొండారెడ్డి బురుజు ముందు ఓబుల్ రెడ్డిని కొట్టి నాయికను విడిపిస్తాడు. ఈ ఘట్టానికి సీమలోనూ ఈలలు మోగాయి. తమ ఊరి బురుజు తెరమీద కనిపించిన సంబరం అందులో కొంత. కాని కథ నిర్మాణాన్ని చూస్తే కర్నూలు తప్పించుకుపోవలసిన చోటు, హైదరాబాదు ఆశ్రయం. 1953 నుండి 1956 వరకు ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా ఉన్న నగరం ఇక్కడ ఒక కక్షిదారుడి ఇలాకాగా కుదించుకుపోయింది. ‘సమరసింహారెడ్డి’ (1999) మొదలుకొని ఫ్యాక్షన్ చిత్రాలు బలపరిచిన ఈ చిత్రణను గుర్తించడానికి ఈల వేసిన విద్యార్థే మరునిమిషంలో ఆగి ఆలోచించాలి. ఇటువంటి సినిమాకు ఎదురుమాట అవసరం. ఉద్వేగం చల్లారకముందే రాసిన ఒక్క వాక్యం, సెమిస్టరు చివర రాసే వ్యాసం కంటే నిజాయితీగా ఉండే అవకాశం ఉంది.

ఆ వాక్యం నోటితో ఎందుకు రాదు? 2021-22 నుండి రాష్ట్రంలోని డిగ్రీ తరగతులు ఆంగ్లమాధ్యమంలోకి మారాయి. ఆంగ్లం పలకలేక, తన యాస వింటే నవ్వుతారేమోనని తెలుగూ పలకలేక మౌనంగా ఉండిపోయే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. తెరమీద సీమ యాసను ప్రతినాయకుడికీ హాస్యగాడికీ అప్పగించిన సినిమాల పాత్ర ఈ బెదురులో తక్కువేమీ కాదు. చాట్‌లో ఆ బెదురు కొంత సడలుతుంది. రోమన్ లిపిలోనైనా సరే, ‘యాడ’, ‘పోతాండాడు’ అన్న మాటలు అచ్చంగా వచ్చేది అక్కడే. మాండలిక పరిశోధకులకు ఇది విలువైన సామగ్రి. దానిని వాడుకోవడానికి ముందు విద్యార్థుల అనుమతి తీసుకోవడం కనీస మర్యాద.

సడలింపు అందరికీ సమానం కాదు. వాట్సాప్ బృందంలో ప్రతివారి ఫోన్ నంబరూ అందరికీ కనిపిస్తుంది. విద్యార్థినులు వెనుకాడడానికి అదొక్కటి చాలు. పేరు చివరి మాట కులాన్ని చెబుతుంది. ఫ్యాక్షన్ కథానాయకుణ్ణి ప్రశ్నించిన వాక్యం కింద ఎవరి పేరుందో చూసి జవాబిచ్చేవారు తరగతిలోనే ఉంటారు. పేర్లు తీసేస్తే దూషణకు తెర తీసినట్టే. స్పందనలు ముందుగా అధ్యాపకునికి చేరి, ఆ తరువాత పేర్లు లేకుండా తెరమీదికి రావడం మేలు. ఇందులో అధ్యాపకుని పెత్తనం పెరుగుతుందన్న ఆక్షేపణ సమంజసమే. అయినా రెండింటిలో ఇదే చిన్న కీడు.

అన్ని సినిమాలూ ఎదురుమాటను కోరవు. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ఆధారంగా క్రిష్ తీసిన ‘కొండపొలం’ (2021) కరువుకాలంలో జీవాలను మేపుకోవడానికి నల్లమలకు తోలుకుపోయే కాపరుల కథ. అడవి నిశ్శబ్దమూ మంద కదలికా ఇందులో సగం అర్థాన్ని చెబుతాయి. ఆ సమయంలో ఫోన్ల వెలుగు తరగతి నిండా మినుకుమినుకుమంటే పోయేది ఆ సగమే. ఇక్కడ చాట్ ఆగాలి. సినిమా రెండున్నర గంటలు, పీరియడ్ ఒక గంట. ప్రదర్శన ఎలాగూ రెండు మూడు రోజులు సాగుతుంది. వంతకు కావలసిన జాగా కళాశాల గంటే ఇస్తోంది. మొదటి రోజు గంట మోగాక, మరుసటి తరగతిలోపు జవాబు రాయడానికి ఒక్క ప్రశ్న చాలు: ఈ సినిమాలో మంద నడక మీరు చూసిన మంద నడకలాగే ఉందా? గొర్రెలు కాసిన ఇంటినుండి వచ్చిన విద్యార్థి రాసే జవాబుకు, నవలను పాఠంగా చెప్పిన అధ్యాపకుడు ఊకొట్టవలసి వస్తుంది.