నీరా, ఏకిన దూదియా?

ఈ సంచికకు ఏదేని వ్రాయుడని సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు మాకు తోచిన విషయము వేరు. కాని గడచిన యుగాదినాడు మన భవనపు మేడగదిలో మన పిల్లలు తీసిన ఛాయాచిత్రములను గోడకు వ్రేలగట్టగా చూచిన పిమ్మట, వానిని గూర్చియే వ్రాయవలెనని నిశ్చయించుకొంటిమి. చిత్రములు పదునాలుగు. అందు తొమ్మిది నీటి చిత్రములే: శివసముద్రపు జలపాతములు, కొడగు సెలయేళ్లు, శ్రీరంగపట్టణపు స్నానఘట్టము. తొమ్మిదింటను నీరు నీరుగా లేదు. పట్టువస్త్రము జారవిడిచినట్లో, దూదేకులవాడు ఏకి పోసిన దూదివలెనో యున్నది. వచ్చినవారందఱును "ఆహా, పాలధారలే!" యని మెచ్చుకొనిరి. మేమును మెచ్చుకొంటిమి. ఇల్లు చేరిన తరువాత మాత్రము మనస్సున ఏదో ముల్లు మిగిలిపోయినది. ఆ ముల్లు ఏమియో తేల్చుకొనుటకే ఈ నాలుగు మాటలు.

మేము కళావిమర్శకులము కాము. మెట్రిక్యులేషను చదివి, ముప్పదియాఱేండ్లు గుమాస్తాగా పద్దులు వ్రాసి విశ్రాంతి పొందినవారము. పద్దులు వ్రాసినవానికి ఒక అలవాటు గలదు: జమ యెంత, ఖర్చు యెంత యని అడుగుట. ఈ చిత్రములను గూడ అట్లే అడుగుదుము.

ముందుగా పని తీరు చెప్పవలెను. కెమెరాలో షట్టరు అనునది తలుపువంటిది. అది తెఱచియున్నంతసేపు వెలుతురు లోనికి వచ్చును. సామాన్యముగా పగటి వెలుతురులో ఆ తలుపు సెకనులో 100వ వంతో 250వ వంతో మాత్రమే తెఱచి మూతపడును. అంతటి స్వల్పకాలములో నీరు కొద్దిగానే కదలును. అదే తలుపును అరసెకనో, ఒక సెకనో తెఱచియుంచినచో, రాళ్లు కదలవు గనుక రాళ్లుగానే నిలుచును. నీరు మాత్రము తాను నడచిన దారినంతయు గీసికొనుచు పోవును. ఇందుకు కెమెరా వణకరాదు గావున ముక్కాలి స్టాండు కావలెను. మఱియొక చిక్కు ఎండ. మంచి యెండలో ఐ.ఎస్.ఓ. 100 పెట్టి, కటకపు రంధ్రమును ఎఫ్ 16కు కుదించినను, సెకనులో 100వ వంతుకే వలసినంత వెలుతురు చేరును. ఒక సెకను తెఱచినచో చిత్రమంతయు తెల్లబోవును. కావున తెల్లవాఱుజామునో, మబ్బు పట్టిన పూటనో పోవలెను. లేదా కటకము ముందు నల్లద్దము బిగింపవలెను. పది స్టాపుల అద్దము వెలుతురును ఇంచుమించు వెయ్యవ వంతుకు తగ్గించును. అప్పుడు నడిమధ్యాహ్నము గూడ పది సెకనులు తెఱచియుంచ వీలగును.

"మన కన్ను నీటిని ఇట్లు చూడదు, కావున ఇది అబద్ధము" అని మన పెద్దలలో ఒకరనిరి. ఆ మాటతో మేము ఏకీభవింపజాలము. సెకనులో 1000వ వంతుకు తీసిన చిత్రములో ప్రతి బిందువును గాజుపూసవలె గాలిలో నిలిచిపోవును. మన కన్ను దానిని మాత్రము ఎన్నడైన చూచినదా? రెండును కంటికి అందనివే. ఒకటి నిజమై రెండవది అబద్ధము కానేరదు.

పూర్వము నెమ్మదితనము కెమెరాకు శాపము. 1838లో పారిసులో డాగెరు ఒక రాజవీథిని చిత్రించెను. అది బండ్లతో, జనముతో క్రిక్కిఱిసిన వీథి. కాని పలక పైని బొమ్మ పడుటకు నిమిషములు పట్టినందున, కదిలినవారందఱును మాయమై వీథి శూన్యముగా కనబడినది. బూట్లకు మెఱుగు పెట్టించుకొనుచు ఒకచోట నిలిచిన మనుష్యుడు మాత్రము చిత్రమున మిగిలెను. 1872లో మైబ్రిడ్జి అమెరికాలోని యోసెమిటీ లోయలో జలపాతములను తడిపలకలపై తీసినప్పుడు గూడ నీరు పొగవలెనే పడినది. అతడే 1878లో వరుసగా 12 కెమెరాలు నిలిపి, పరుగెత్తు గుఱ్ఱపు కాళ్లను విడివిడిగా పట్టుకొనెను. నేడు ఏ కెమెరాకును ఆ శాపము లేదు. నెమ్మదిగా తీయుట నేడు తీయువాని ఇష్టము. గతిలేక చేసినదానికి సంజాయిషీ అడుగము. కోరి చేసినదానికి కారణ మడుగుట న్యాయము.

ఈ కొలతతో గోడమీది చిత్రములను మూడింటిని చూతము.

మొదటిది కొడగు సెలయేఱు. అరసెకను కాలము. నీరు ఒక గుండ్రాతిని చుట్టి రెండు పాయలై, క్రింద మరల జడవలె అల్లుకొన్నది. ఏటి యొడ్డున గంటసేపు కూర్చుండినవానికి తెలియు నీటి నడక ఇందు గలదు. అందలి నురుగులో ఇంకను గరుకుదనము మిగిలియున్నది. ఇది జమ పద్దు. ఈ చిత్రము తీసిన అమ్మాయిని మనసార అభినందించుచున్నాము.

రెండవది శివసముద్రమున భరచుక్కి. వానకాలపు కావేరి. ముప్పది సెకనులు. నిగనిగలాడు దూదితెర తప్ప మఱేమియు లేదు. అచట నిలుచుండినవారికి చెవులు దిబ్బళ్లు పడును, తుంపర ముఖమున కొట్టును. ఆ యేటి నీటి బలముతోనే 1902లో అచట విద్యుత్తు పుట్టించి, 92 మైళ్ల దూరమున నున్న కోలారు బంగారు గనులకు తీగలపై పంపిరి. 1905లో బెంగుళూరు వీథిదీపములు వెలిగినదియు దానితోనే. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపునుండి కూలికి వచ్చిన తెలుగువారును తమిళులును గనులలో ఆ వెలుతురున పనిచేసిరి. 2001లో ఆ గనులు మూతపడినవి. వారి పిల్లల పిల్లలు మనలో నున్నారు. అట్టి నీటిని దూదిగా చూపినచో అందము జమయైనది, బలము ఖర్చైనది. ఖర్చే ఎక్కువ. అక్కడనే సెకనులో 15వ వంతుకు తీసియుండినచో, ధారలు సాగియు వానిలోని బరువు తెలియుచుండెడిది.

మూడవదానిని తీసినవాడు మా మేనల్లుడు. అందుచేత కొంచెము కఠినముగా పలుకుటకు మాకు హక్కు గలదు. శ్రీరంగపట్టణపు స్నానఘట్టమును నల్లద్దము పెట్టి రెండు నిమిషములు తీసినాడు. "మామయ్యా, జనం అడ్డం లేకుండా ఘట్టం ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి" అని మురిసిపోయినాడు. కన్నడ్డము పెట్టుకొని చూచితిమి. మెట్టుమీద ఒక ఇత్తడి చెంబు ఉన్నది. ప్రక్కన మడత పెట్టిన పొడిచీర ఉన్నది. చెంబు తెచ్చిన మనిషి లేదు. బట్టలుతుకువారు లేరు. మునిగి లేచిన పిల్లలు లేరు. కదిలినారు గనుక లెక్కలోనికి రాలేదు.

మమ్ము గ్రుచ్చిన ముల్లు ఇదియే. చదువరులారా, మనము ఎవరము? కదలివచ్చినవారి సంతతివారము. మన తాతముత్తాతలు నిలిచినచోటనే నిలిచియుండినచో ఈ సంఘమే లేదు. వారిలో పెక్కుమంది పేరులు ఏ దస్తావేజునందును కానరావు; ఇంట ఒక చెంబో, ఒక పాతచీరయో మాత్రము మిగిలినవి. రెవెన్యూ లెక్కలు చేయలేనిదానిని కెమెరా చేయగలదు గదా యని మేము ఆశపడుదుము. ఆ కెమెరా చేతనున్న మన పిల్లవాడే, నీటిని నున్నగా చేయుటకై మనుష్యులను తుడిచివేయుట మాకు సహింపలేదు.

ఈ మాట వానితో చెప్పితిమి. మొదట చిన్నబుచ్చుకొన్నాడు. మరుసటి ఆదివారము తిరిగి పోయినాడు. ఈ తడవ సెకనులో 4వ వంతు మాత్రమే ఉంచినాడు. చిత్రము మాకు చూపినాడు: మెట్టుమీద ఒక ముసలమ్మ చీర జాడించుచున్నది. ఆమె ముఖము, నడుము స్పష్టముగా నున్నవి. చేతులును చీరయును నీటితో కలిసి ఒకే ధారయైనవి. చెంబు ఆమె ప్రక్కనే యున్నది.

వచ్చే యుగాదికి ఆ చిత్రము మన గోడమీద నుండవలెనని మా కోరిక. నెమ్మది షట్టరును విడువుమని మేము చెప్పము. ఎన్ని సెకనులు తెఱచిన ఏమి వచ్చును, ఏమి పోవును అని తీయుటకు ముందు ఒక్కసారి లెక్క చూచుకొనుడని మాత్రము మన పిల్లలను కోరుచున్నాము.