తోలుపట్టీ తీరు

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్ల గడ్డాలు గీసే సెలూన్లలో ఇప్పుడు మనిషికో కొత్త బ్లేడు వాడడం మామూలు. వాడి పారేసే బ్లేడు రేజరుకు అమెరికాలో జిలెట్ 1904లోనే పేటెంటు పొందాడు. మన సెలూన్లలో దాన్ని స్థిరపరిచింది మాత్రం హెచ్‌ఐవీ, హెపటైటిస్‌ల భయం. ఆ మార్పు మంచిదే, వెనక్కి తిప్పమనను. అయితే పాత మంగలికత్తి అంచును తీర్చే తోలుపట్టీని, దాన్ని బాగుచేసే నేర్పును కూడా పాతసామాన్లలో పడేయడం తొందరపాటు. సానరాయి ఉక్కును అరగదీసి పదును పుట్టిస్తే, తోలు ఆ అంచును సరిచేసి నునుపు తేలుస్తుంది. అందుకే కత్తిని వెన్ను ముందుగా లాగాలి. అంచు ముందుకు వెళ్తే తెగేది తోలే.

పట్టీని శుభ్రం చేయడం ఉత్త తుడవడంలా కనిపిస్తుంది గానీ, అందులో సగం పని చెయ్యి ఆపుకోవడమే. గట్టిగా పిండిన తడిగుడ్డ, కాస్త తోలుసబ్బు చాలు. నానబెడితే తోలు ఆరాక బిగుసుకుని వంకరపోతుంది, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. నీడన ఆరాక చిన్న గాట్లను సన్నని గరుకు కాగితంతో సమం చేసి, రెండు మూడు నూనె చుక్కలు వేసి అరచేత్తో రుద్దాలి. నూనె ఎక్కువైతే పట్టు పోయి కత్తి ఊరికే జారుతుంది. లోతుగా తెగిన పట్టీని వదులుకోవాల్సిందే. ‘ఇంత శ్రమెందుకు, కొత్తది కొనొచ్చుగా?’ అంటారు. కొనొచ్చు, కానీ ఏళ్ల రాపిడికి మెత్తబడ్డ తోలు గుణం కొత్తదానికి వెంటనే రాదు. ఇంట్లో తాతగారి కత్తీ పట్టీ ఉంటే బాగుచేసి మీ గడ్డానికే వాడుకోండి, ఇంకొకరికి ఇవ్వకండి.